తెగిన మౌంటుకు నాటు వైద్యం: మెత్తదనం లెక్క

బోటు వెనక తగిలించే పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజన్లో పిస్టను, రింగులు, గేర్లు ఇంకో పదేళ్ళు లాగేస్తాయి. కాయిలు పోతే కాయిలు దొరుకుతుంది, ఇంపెల్లరు పోతే ఇంపెల్లరు దొరుకుతుంది. ఇంజన్ని మూలన పడేయించేది చాలాసార్లు గుప్పెడు రబ్బరు. ఇంజన్నీ, నీళ్ళలోకి దిగే దాని కాలునీ కలిపి, బోటుకు బిగించిన బ్రాకెట్టుకు పట్టి ఉంచే మౌంట్లవి. సాధారణంగా పైన రెండు, కింద రెండు. కొన్ని చిన్న ఇంజన్లకు పైన ఒక్కటే. అవి తెగాక ఇంజను తల ఊపుతుంది, బోటును తిప్పే పిడి (టిల్లరు) చేతిలో నిలవదు, గేరు వేసిన ప్రతిసారీ ఇనుము ఇనుముకు తగిలి ఠంగుమంటుంది. అక్కణ్ణుంచి నాటు వైద్యం మొదలు. ఒకరు చెక్క ముక్క దోపుతారు, ఒకరు లారీ టైరు కోసి పెడతారు, ఒకరు ఎపాక్సీ పుట్టీ కూరతారు, ఇంకొకరు వాషర్లు పేర్చి బోల్టు బిర్రుగా బిగించి ‘ఇక జన్మలో కదలదు’ అంటారు.

నాటు వైద్యం మీద నాకు చులకన లేదు. ఇంజన్లన్నీ కంపెనీ పార్టుల మీదే నడవాలంటే బోలెడు బోట్లు ఒడ్డునే ఉంటాయి. నా పేచీ ఆ చివరి మాటతో. మౌంటు కదలాలి. ఎంత కదలాలో అంత కదిలి, మళ్ళీ చోటికి రావాలి. ఈ సంగతి మరిచి చేసిన రిపేరు మౌంటు దగ్గర గట్టిగానే నిలుస్తుంది, పక్కనున్న అల్యూమినియాన్ని చీలుస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, రబ్బరు ముక్క కోసం మొదలైన పని స్టీరింగు బ్రాకెట్టు దాకా పోతుంది.

అసలు ఈ తంటా ఎవరికి అవసరమో ముందు తేల్చుకోవాలి. యమహా ఎండ్యూరో లాంటి, ఇప్పటికీ మన తీరంలో తిరుగుతున్న మోడళ్ళకు మౌంట్లు దొరుకుతాయి. వాటికి కొత్తవి కొనడమే తక్కువ ఖర్చు. చిక్కల్లా తయారీ ఆగిపోయిన ఇంజన్లతోనే. జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లు చేసిన అమెరికా కంపెనీ ఓఎంసీ 2000 డిసెంబరులో దివాలా తీసింది. మరుసటి ఏడు ఆ పేర్లు కెనడా కంపెనీ బొంబార్డియర్ చేతికి వెళ్ళాయి, ఆ తర్వాత దాన్నుంచి విడివడిన బీఆర్‌పీ కిందకు వచ్చాయి, 2020లో బీఆర్‌పీ ఎవిన్‌రూడ్ తయారీనే ఆపేసింది. బాగా అమ్ముడైన పాత మోడళ్ళకు బయటి కంపెనీలు చేసే మౌంట్లు అమెరికాలో ఇంకా దొరుకుతాయి కాబట్టి, అక్కడ చెరువులో చేపల సరదాకి పాత 9.9 హార్స్‌పవరు ఇంజను కొన్న మనవాళ్ళు పార్టు నంబరు వెతికి తెప్పించుకోవడమే తెలివి. అదే ఇంజను కాకినాడలోనో నరసాపురంలోనో ఉంటే, పార్టు వచ్చేలోగా వేట సీజను దాటిపోతుంది. అలాంటివాళ్ళ కోసమే ఇదంతా.

మౌంటు మీద ఏం పడుతుంది

మౌంటు అనగానే బరువు మోసేది అనుకుంటాం. నిజానికి బరువు చిన్న లెక్క. 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజను మొత్తం 35 కిలోలు ఉంటుందనుకుంటే, నాలుగు మౌంట్లకు తలా తొమ్మిది కిలోలు కూడా రాదు. అసలు భారం ప్రొపెల్లరు నెట్టే నెట్టు. అదే ఇంజను బోటును కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇస్తే సుమారు వంద కిలోల బలంతో నెడుతుంది. ఆ నెట్టు పడేది ఎక్కడో అడుగున, ప్రొపెల్లరు షాఫ్టు దగ్గర. కాబట్టి ఇది గడ్డపార లెక్క అవుతుంది. పై మౌంటు నుంచి కింది మౌంటుకు 30 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి షాఫ్టుకు 40 సెంటీమీటర్లు అనుకోండి. కింది మౌంట్ల మీద పడేది వందను 70తో హెచ్చించి 30తో భాగిస్తే వచ్చే 233 కిలోలు. పై మౌంట్ల మీద 133 కిలోలు, అదీ వెనక్కి లాగుతూ. మీ ఇంజను కొలతలు వేరే ఉంటాయి, టేపు పెట్టి కొలిచి వేసుకోండి; పద్ధతి ఇదే.

ఈ లెక్కలోంచి పనికొచ్చే సంగతి ఒకటి బయటపడుతుంది. బోటు ముందుకు పోతున్నంతసేపూ కింది మౌంటు నలుగుతుంది, పై మౌంటు లాగబడుతుంది. నలిగేచోట రబ్బరుకు జిగురు అవసరం లేదు, కోసి కూర్చిన ముక్క కూడా పనిచేస్తుంది. లాగబడేచోట రబ్బరుకీ లోహానికీ మధ్య పట్టు ఉండి తీరాలి. చాలామంది రెండింటికీ ఒకటే మందు వేస్తారు. కింద అతికించడానికి అవస్థ పడతారు, పైన ఉత్త ముక్క దోపి వదిలేస్తారు. తిరగేసి చేసినట్టు!

ఇక కుదుపు. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు మండుతుంది. నిమిషానికి 700 చుట్ల ఐడిలింగులో అది సెకనుకు 23 కుదుపులు. 5,000 చుట్ల దగ్గర 167. మరోపక్క, మౌంట్ల మీద వేలాడే ఇంజనుకు తనదంటూ ఒక ఊగు ఉంటుంది. తోసి వదిలితే ఎంత వేగంగా ఊగుతుందో అది. అది సెకనుకు 10 అనుకుందాం. కుదుపుల వేగం ఈ సొంత ఊగుకు 1.4 రెట్లు దాటాకే రబ్బరు కుదుపును మింగడం మొదలుపెడుతుంది. 23కీ 10కీ చాలా దూరం, కాబట్టి టిల్లరు మీద చెయ్యి హాయిగా ఉంటుంది. ఇప్పుడు మౌంటును నాలుగు రెట్లు గట్టిగా చేశారనుకోండి. ఊగు వర్గమూలం ప్రకారం పెరుగుతుంది కాబట్టి రెట్టింపై 20కి చేరుతుంది. ఐడిలింగు 23 దాని పక్కనే ఉంది. మింగాల్సిన కుదుపును ఆ మౌంటు రెట్టింపుకు పైగా చేసి బోటుకు అందిస్తుంది. ‘రిపేరు చేశాక ఐడిలింగులో ఇంకా ఎక్కువ వణుకుతోంది, స్పీడు మీద బాగుంది’ అనే ఫిర్యాదుకు కారణం ఇదే. కార్బొరేటరు మీద అనుమానపడి దాన్ని విప్పడం వృథా.

నాలుగు రెట్లంటే ఎక్కడో ఉందనుకోకండి. రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఎ అనే స్కేలు మీద కొలుస్తారు. పెన్సిల్ రబ్బరు సుమారు 40, టైరు ట్రెడ్డు 60 నుంచి 70, ట్రాలీ చక్రం 90 పైన. చూడటానికి 50కీ 80కీ పెద్ద తేడా లేనట్టుంటుంది, కానీ స్కేలు సమంగా పెరగదు. 50 నుంచి 80కి వెళితే బిర్రు దాదాపు నాలుగు రెట్లు, 90కి వెళితే ఎనిమిది రెట్ల పైన. చిన్న ఇంజన్ల మౌంట్లకు 45 నుంచి 60 మధ్య ఏదైనా నడుస్తుంది. 80 ఉన్న యూరిథేన్ (ద్రవంగా పోస్తే రబ్బరులా గట్టిపడే ప్లాస్టిక్) డబ్బా కొని ‘బలంగా ఉంటుంది’ అని పోసుకోవడం కావాలని ఐడిలింగు జబ్బు తెచ్చుకోవడమే.

పాత బ్రిటిష్ సీగల్‌కు రబ్బరు మౌంట్లే లేవు కదా, అది నడవలేదా అని ఎవరైనా అడగొచ్చు. నడిచింది. అది తక్కువ హార్స్‌పవరుది, నెమ్మదిగా తిరిగేది, మొదటినుంచీ కుదుపును తట్టుకునేలా కట్టినది. ఐదువేల చుట్లు తిరిగే ఇంజన్లో, రబ్బరుందనే నమ్మకంతో పలచగా పోసిన అల్యూమినియం బ్రాకెట్టును దానితో పోల్చలేం. రబ్బరు తీసేసి గట్టిగా కట్టేస్తే ముందు పోయేవి చిన్నవి: కార్బొరేటరు గిన్నెలో పెట్రోలు నురగెత్తి ఇంజను తడబడుతుంది, ఇంజను పైమూత (కౌలింగు) గొళ్ళెం అరుగుతుంది, హోసు క్లిప్పులు వదులవుతాయి. ఆ తర్వాత బ్రాకెట్టు చేతుల మూలల్లో వెంట్రుకంత చీలిక. చివరికి క్లాంపుల కింద బోటు వెనక పలక.

జబ్బు ఎక్కడుందో ముందు చూడాలి

ఇంజను ఆపి, గేరు వేసి ఉంచి, కాలు అడుగున ఉండే రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ తోయండి. ఇంకొకరు పై మౌంటు దగ్గర, తర్వాత కింది మౌంటు దగ్గర వేలు పెట్టి చూడాలి. రబ్బరు కదలికైతే స్ప్రింగులా తిరిగి వస్తుంది. టక్కుమని ఆగి అక్కడే ఉండిపోతే అది మౌంటు కాదు, స్టీరింగు పివట్ బుష్ అరిగింది, లేదా టిల్టు బోల్టు వదులైంది. బుష్ అరిగిన ఇంజనుకు మౌంట్లు మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్ళు తక్కువేం లేరు. పక్కలకు కూడా ఊపి చూడండి: కాలు తిరిగినా టిల్లరు కదలకపోతే పై మౌంట్ల స్లీవులు (రబ్బరు మధ్యలో బోల్టు దూరే ఇనుప గొట్టాలు) వదిలేశాయని.

విప్పాక చిరుగును చదవాలి. రబ్బరు లోహం నుంచి శుభ్రంగా ఊడి, కింద తుప్పు కనిపిస్తే, ఉప్పునీరు అతుకు అంచులోంచి పాకి లోపలికి తినేసిందన్నమాట. రబ్బరు దానంతటది బాగానే ఉంటుంది. మధ్యలో అడ్డంగా చీలితే దెబ్బ తగిలింది: మునిగిన దుంగ, వల చుట్టుకున్న ప్రొపెల్లరు, లేదా ఒక బ్లేడు వంగి ఎప్పటినుంచో వణకడం. ఆ ప్రొపెల్లరును అలాగే ఉంచి కొత్త మౌంటు వేస్తే అదీ ఆ దారినే పోతుంది. పైన గళ్ళుగళ్ళుగా పగిలి గట్టిపడితే ఎండ, ఓజోను, వయసు. ఉబ్బి జిగటగా ఉంటే పెట్రోలో, కిరసనాయిలో, ఆయిలో కారుతోంది. సహజ రబ్బరు వాటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. ముందు ఆ లీకు ఆపాలి.

విప్పడమే ఈ పనిలో సగం చాకిరీ. స్టెయిన్‌లెస్ బోల్టు, లోపల ఇనుప స్లీవు, బయట అల్యూమినియం. మూడు లోహాలు ఉప్పులో ఇరవై ఏళ్ళు కాపురం చేశాక విడిపోవడానికి ఒప్పుకోవు. తుప్పు వదిలించే ఆయిలు ముందురోజు రాత్రే పెట్టండి. బోల్టు తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయండి, ఒక్క పెద్ద దెబ్బ వద్దు. వేడి అవసరమైతే హాట్ ఎయిర్ గన్ వాడండి. పెట్రోలు ట్యాంకు, హోసు తీసేసి దూరం పెట్టాకే. ఒప్పుకోకపోతే బోల్టు తల కోసేసి కొత్త బోల్టు వేయడం నయం. అల్యూమినియంలో మర చెడితే ఆ పని వేరే, ఖర్చు వేరే. ఇంజన్ని పైనుంచి తాడుతో వేలాడదీసి, ఒకేసారి నాలుగూ విప్పకుండా ఒక్కో మౌంటు తీయండి. కొన్ని మోడళ్ళలో పై మౌంటు బోల్టు అందాలంటే ఇంజను తలను కాలు మీదనుంచి ఎత్తాల్సిందే. ఎత్తితే కింద గ్యాస్కెట్టు కొత్తది వేయాలి, అది ముందే చేతిలో ఉండాలి.

విప్పేముందు ఒక పని: బాగున్న పక్క మౌంటులో స్లీవు మధ్యలో ఉందా, ఎంత కిందకో పక్కకో ఉందా కొలిచి రాసుకోండి. రెండూ పోతే బ్రాకెట్టుకీ కాలుకీ మధ్య ఖాళీని నాలుగు వైపులా కొలవండి, సమంగా ఉండాల్సిన చోట ఎంత తేడా వచ్చిందో అది కుంగుడు. కుంగిన చోటునే కొలతగా తీసుకుని కొత్త రబ్బరు పోస్తే కుంగిన ఇంజనే మిగులుతుంది.

వాడకూడనివి

సిలికాన్ వాడొద్దు. మెత్తగా ఉంటుంది, కానీ చిన్న గాటు పడితే కాగితంలా చిరుగుతుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదిలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. ఎపాక్సీ పుట్టీ, అది ఏ పేరుతో అమ్మినా, రబ్బరు పని చేయదు. పగులుతుంది, పగిలిన పలుకులు స్లీవును కొరుకుతాయి. సూపర్ గ్లూ తెగిన రబ్బరును అతికిస్తుంది, కొట్లో చూస్తే భలే అనిపిస్తుంది, కానీ ఆ అతుకు గాజులా పెళుసు. సైకిల్ ట్యూబు సొల్యూషను రబ్బరుకు రబ్బరును పట్టుకుంటుంది కానీ లోహాన్ని అంతగా పట్టుకోదు.

టైరు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, అందరూ మొదట చూసేది దానివైపే కాబట్టి. ట్రెడ్డు భాగం కోస్తే వచ్చేది 60 పైబడిన రబ్బరు, ఒడ్డుకు చేర్చడానికి ఫర్వాలేదు. కానీ దాని కింద ఉండే నైలాను దారాల పొరలు, స్టీలు తీగలు రబ్బరును ఆ దిశలో సాగనివ్వవు. కన్వేయరు బెల్టు ముక్కలోనూ బట్ట పొరలుంటాయి. రబ్బరు షాపులో పొరలు లేని షీటు 10, 12 మి.మీ. మందంలో దొరుకుతుంది, 50 నుంచి 55 షోర్ అని అడిగి తీసుకోండి. కిలో లెక్కన అమ్ముతారు, ఒక ఇంజనుకు కిలో ఎక్కువే.

కింది మౌంటు: కోసిన రబ్బరు

కింది మౌంట్లు చాలా ఇంజన్లలో రెండు పక్కలా ఒక్కో మూత కింద కూర్చుంటాయి. ఇక్కడే కోసిన రబ్బరు బాగా పనిచేస్తుంది. గుండ్రటి బిళ్ళలు కావాలంటే అంచు పదును పెట్టిన పైపు ముక్కను డ్రిల్లు స్టాండుకు బిగించి, సబ్బునీళ్ళు పోస్తూ కోయండి. పొడిగా కోస్తే అంచు కాలి గరుకుగా వస్తుంది, ఆ గరుకులోంచే రేపు చీలిక పుడుతుంది.

కొలత: ఖాళీ 20 మి.మీ. ఉంటే రబ్బరు 21 నుంచి 21.5 మి.మీ. అంటే ఐదు నుంచి ఏడు శాతం ముందే నలిగి కూర్చోవాలి. అంతకంటే తక్కువైతే రివర్సులో వదులై కొట్టుకుంటుంది, ఎక్కువైతే మూత బోల్టులు రబ్బరుతో కుస్తీ పడి అల్యూమినియం మరను లాగేస్తాయి. మూత తన చోట లోహం మీద లోహం కూర్చున్నాకే బోల్టు బిగియాలి. రబ్బరు మీద మూత తేలుతూ ఉండకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడ ఒకటుంది. ఖాళీలన్నీ నింపేయడం. రబ్బరు వంగుతుంది, పక్కకు ఉబ్బుతుంది, సాగుతుంది, కానీ నీళ్ళలాగే ఘనపరిమాణం తగ్గదు. నాలుగు పక్కలా గోడలున్న గుంటలో అంచుల దాకా రబ్బరు కూరితే అది ఎటూ ఉబ్బలేక రాయిలా ప్రవర్తిస్తుంది. కంపెనీ మౌంటులో కనిపించే సందులు, చీలికల్లాంటి గాడులు పొదుపు కోసం వదిలినవి కావు. రబ్బరు ఉబ్బడానికి వదిలినవి. వాటిని అలాగే ఉంచండి.

దీనికి చుట్టమైన లెక్క బిళ్ళల మందం. 40 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం ఉన్న ఒకే బిళ్ళను, స్టీలు పలకల మధ్య అతికించిన 5 మి.మీ. బిళ్ళలు నాలుగింటితో పోల్చండి. రబ్బరు అంతే, మొత్తం మందం అంతే. నలిపితే రెండోది దాదాపు ఐదు రెట్లు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే పలచటి బిళ్ళకు పక్కకు ఉబ్బే చోటు తక్కువ. అడ్డంగా జరిపితే మాత్రం రెండూ ఒకేలా కదులుతాయి. వంతెనల కింద గడ్డర్లు కూర్చునే రబ్బరు దిమ్మల్లో స్టీలు పలకలు పెట్టేది ఇందుకే. కాబట్టి రబ్బరు బిళ్ళల మధ్య వాషర్లు పెట్టే అలవాటుంటే, ఏ దిశలో గట్టిపరుస్తున్నారో తెలిసి పెట్టండి. నెట్టు బాగా పడే పెద్ద ఇంజను కింది మౌంటులో ఒక్క వాషరు పనికొస్తుంది. ఐదు హార్స్‌పవరు లోపు ఇంజనుకు అది అనవసరం. దానికి స్లీవు మీద బిగుతుగా తొడిగిన రేడియేటరు హోసు ముక్క కూడా ఒక సీజను లాగుతుంది.

పై మౌంటు: పోసిన యూరిథేన్

ఇక్కడ పట్టు కావాలి కాబట్టి పోత పనే మేలు. కొనాల్సింది రెండు భాగాల పోత యూరిథేన్, షోర్ ఎ 50 నుంచి 60. పాలిఈథర్ రకమని అడిగి తీసుకోండి. పాలియెస్టర్ రకం చమురుకు బాగా ఓర్చుకుంటుంది కానీ వేడి, తేమ కలిసినచోట కొన్నేళ్ళకు అట్టలా పొడి రాలుతుంది. మన తీరంలో రెండూ పుష్కలం.

కారు అద్దాలు అతికించే యూరిథేన్ ట్యూబుతో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు, కానీ దాని స్వభావం తెలిసి. అది గాలిలో తేమతో ఆరుతుంది, పైనుంచి లోపలికి. మొదటి రోజు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఆరితే, ఆ పొర తేమను అడ్డుకోవడంతో రాన్రానూ ఇంకా నెమ్మదిస్తుంది. 15 మి.మీ. లోతు ఒకేసారి నింపి రెండు రోజుల్లో బిగిస్తే లోపల పేస్టు పేస్టుగానే ఉంటుంది. రోజుకు 3 మి.మీ. పొర చొప్పున, ఐదు రోజులు ఓపిక పట్టి నింపితే మంచి మౌంటే వస్తుంది.

ఇక పోత. పాత రబ్బరు వదులైనదంతా కత్తితో తీసేయండి. కాల్చొద్దు, పొగ విషం, పైగా అల్యూమినియం చట్రమైతే వేడికి బలం పోతుంది. లోహాన్ని 60 లేదా 80 నంబరు ఎమరీతో తెల్లగా మెరిసేదాకా గీకండి, ఎసిటోన్‌తో రెండుసార్లు, రెండోసారి కొత్త గుడ్డతో, తుడవండి. ఆ తర్వాత వేలితో ముట్టుకోవద్దు. యూరిథేన్‌కు తగిన మెటల్ ప్రైమరు పలచగా పూసి ఆరనివ్వండి. ప్రైమరు డబ్బు మిగుల్చుకున్నవాళ్ళకు రబ్బరు బ్రహ్మాండంగా వస్తుంది, ఆరు నెలలకు మౌంటు బయటి లోహపు పెంకులోంచి మొత్తం ముద్దగా ఊడి చేతికొస్తుంది.

ఒక్క జిగురునే నమ్మకుండా, పెంకు గోడకు చోటుంటే 5 మి.మీ. బెజ్జాలు నాలుగైదు వేయండి. యూరిథేన్ అందులోంచి బయటికి వచ్చి గుండీలా పట్టుకుంటుంది. స్లీవు చుట్టూ నడిమిన రెండు గాడులు గీసినా అదే లాభం. బెజ్జాల అంచులు గుండ్రంగా చేయాలి, పదునుగా ఉంటే అవే కోస్తాయి. పాత రబ్బరు కొంత గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని ఉంచుకోవాలనిపిస్తుంది. ఆయిలు తాగిన పాత రబ్బరుకు యూరిథేన్ అతకదు. ఉంచితే అడ్డంగా బెజ్జాలు వేసి, కొత్తది దానిలోంచి దూరి అవతల కలిసేలా చేయండి. లేదా పూర్తిగా తీసేయండి.

స్లీవును దాని చోట నిలపడానికి ఒక చెక్క పలకకు బోల్టు దించి, దాని మీద స్లీవు, చుట్టూ పెంకు పెట్టండి. ముందు రాసుకున్న కొలత ఇక్కడ పనికొస్తుంది. పలకకు మైనం రాయండి, అడుగు సందులు పిల్లల ఆటమట్టితో మూయండి. కంపెనీవాళ్ళు వదిలిన సందుల చోట మైనం రాసిన చెక్క పుల్లలో ప్లాస్టిక్ గొట్టాలో నిలబెట్టండి, ఆరాక లాగేస్తే ఖాళీ మిగులుతుంది.

తేమ ఈ రసాయనానికి ఆగర్భ శత్రువు. నీరు తగిలితే బుడగలు కట్టి స్పాంజి అవుతుంది. వానాకాలంలో సముద్రం పక్క షెడ్డులో మధ్యాహ్నం కలిపితే మౌంటు బదులు పావు రొట్టె వస్తుంది. లోహాన్ని 50, 60 డిగ్రీలకు వేడి చేసి పూర్తిగా పొడిగా ఉంచండి. కలిపే గిన్నె ప్లాస్టిక్‌ది, పుల్ల లోహానిది వాడండి. చెక్క పుల్లలో తేమ ఉంటుంది. నిష్పత్తిని కంటితో చూసి కాక, గ్రాము చూపించే తూకంతో కొలవండి. పోయాల్సిన ఖాళీ ఎంతో ముందే నీళ్ళు పోసి కొలిచి (తర్వాత బాగా ఆరబెట్టి), మిల్లీలీటరుకు 1.1 గ్రాము చొప్పున లెక్కగట్టి, పది శాతం అదనంగా కలపండి. గాలి దూరకుండా నెమ్మదిగా, అంచులు గీకుతూ కలిపి, ఒక మూల నుంచి సన్నటి ధారగా పోయండి. ఈ పనికి గాలి ఆడే చోటు, చేతి తొడుగులు తప్పనిసరి. డబ్బా మీద రాసిన సమయానికే అచ్చు విప్పండి. సాధారణంగా ఒక రోజు. పూర్తి బలం రావడానికి వారం. మూడో రోజు సముద్రానికి పోతే వారం ఆగినంత బలం దొరకదు.

వల్కనైజింగు: వీలుంటే ఇదే

వల్కనైజింగంటే పచ్చి రబ్బరును అచ్చులో వేడితో ఉడికించి లోహానికి పట్టించడం. నన్నడిగితే పోత కంటే ఇదే మేలు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీ బుష్‌లు, మిల్లు కప్లింగులు చేసే రబ్బరు మోల్డింగు పనివాళ్ళుంటారు. మీ పాత పెంకు, స్లీవు వాళ్ళ చేతిలో పెట్టి, అచ్చు చేయించుకోవచ్చు. అచ్చుకయ్యే ఖర్చే ఎక్కువ, కాబట్టి అదే మోడలు ఉన్న నలుగురు కలిస్తే ఆ ఖర్చు పంచుకోవచ్చు. చెప్పాల్సినవి స్పష్టంగా చెప్పండి: లోహానికి శాండ్‌బ్లాస్టింగు చేయాలి, రబ్బరు-లోహం బాండింగు ఏజెంటు ప్రైమరు, పైపూత రెండూ వేయాలి, రబ్బరు షోర్ 50 నుంచి 55. సహజ రబ్బరు అలుపెరగదు కానీ చమురుకు ఓర్వదు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు రెంటికీ మధ్యస్తం. కార్బొరేటరు కింద కారే చోటైతే నియోప్రీన్, లేకపోతే సహజ రబ్బరు. ప్రెస్సులో 150 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు, మందమైన ముక్కకు సమయం ఎక్కువ కావాలి. తొందరపెడితే లోపల పచ్చిగా మిగులుతుంది. తీసుకునేటప్పుడు స్లీవును బెంచి వైసులో పట్టి పెంకును పక్కకు వంచి చూడండి. అంచున తెల్లటి గీత తెరుచుకుంటే అతుకు పట్టలేదని, వెనక్కి ఇచ్చేయండి.

బిగింపు

ఎక్కించేటప్పుడు స్లీవు రెండు చివర్లూ రబ్బరు కంటే కొద్దిగా బయటికి ఉండాలి. బోల్టు బిగిస్తే నలగాల్సింది స్లీవు. వాషరు రబ్బరును నొక్కుతుంటే నట్టు ఎన్నిసార్లు బిగించినా వదులవుతూనే ఉంటుంది. కాలు నిటారుగా, టిల్లరు నేరుగా ఉండగా తుది బిగింపు చేయాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. అల్యూమినియంలోకి దిగే 8 మి.మీ. (ఎం8) బోల్టుకు 18 నుంచి 20 న్యూటన్ మీటర్లు చాలు, మరకు గ్రీజు రాసి. పై మౌంటు బోల్టుకు పెంకు కంటే పెద్ద వ్యాసమున్న 4 మి.మీ. స్టీలు వాషరు వేయండి. రబ్బరు పూర్తిగా తెగినా ఆ వాషరు పెంకులోంచి దూరి రాలేదు, ఇంజను బ్రాకెట్టును వదిలిపోదు. నాటు రిపేరుకు ఈ భద్రతా వాషరు లేకపోతే నేను దాన్ని రిపేరుగా ఒప్పుకోను. దాని తోడు ఇంజను నుంచి బోటుకు 6 మి.మీ. గొలుసు ఒకటి.

రబ్బరు కరెంటును ఆపుతుందని చాలామంది మరిచిపోతారు. బ్రాకెట్టుకీ కాలుకీ మధ్య కలిపే ఎర్తు తీగ పాత మౌంటుతో పాటు తెగి ఉంటే కొత్తది వేయండి. అది లేకపోతే బ్రాకెట్టు మీద ఉన్న జింకు బిళ్ళ కాలును కాపాడలేదు, తుప్పు అటు తినేస్తుంది.

డ్రమ్ములో పెట్టి తిప్పి చూడటం సరైన పరీక్ష కాదు, అక్కడ నెట్టు పడదు. బోటును గట్టుకు రెండు తాళ్ళతో కట్టి, ముందు ఐడిలింగు, తర్వాత గేరులో మూడో వంతు థ్రాటిల్ ఇచ్చి చూడండి. కింది మౌంటు దగ్గర ఖాళీ 3, 4 మి.మీ. మారి వదలగానే తిరిగొస్తే బాగున్నట్టు. అసలు మారకపోతే గట్టిదైంది. లోహం తగిలితే మెత్తనైంది. పెంకు మీదనుంచి రబ్బరు మీదుగా స్లీవు దాకా తెల్ల పెయింటుతో ఒక సన్న గీత గీయండి. గంట నడిచాక, పది గంటల తర్వాత, ఆపైన నెలకోసారి ఆ గీతను చూడండి. రబ్బరుకీ స్లీవుకీ మధ్య గీత విరిగితే లోపలి అతుకు వదులుతోందని, పెంకు దగ్గర విరిగితే ప్రైమరు పని సరిగ్గా జరగలేదని. గీత వంగి అలాగే నిలిచిపోతే రబ్బరు కుంగుతోంది, దాని షోర్ తక్కువ. మరుసటిసారి ఐదు పాయింట్లు పెంచండి, పది వద్దు.